సముద్రం పక్కన ఇల్లు, వెనక నుంచి నీళ్లు

హోస్ట్: వదినా, ఈ వారం ప్రశ్న విజయవాడ నుంచి వచ్చింది. ఆయనకి చెన్నై షోళింగనల్లూర్‌లో ఉద్యోగం. భార్య, మూడో తరగతి చదివే పాప ఉన్నారు. ‘చెన్నై ఎలాగూ వస్తున్నాం, బీచ్ దగ్గరే ఉందామని పాప ఒకటే గొడవ. తుపాన్లు వస్తాయి, వద్దంటోంది మా అమ్మ. ఏ ఏరియా చూసుకోమంటారు?’ అని అడిగారు. మీరు తిరువాన్మియూర్‌లో ఉంటారు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు కూడా చూస్తారు కదా, అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టాను.

వదిన: మంచిపని చేశావు. ముందు ఆ పెద్దావిడ సంగతి చూద్దాం. ఆవిడ భయం నిజమే గానీ, భయపడుతున్న వైపు వేరు. చెన్నైలో ఇళ్లలోకి నీళ్లు ఎక్కువగా వచ్చేది సముద్రం నుంచి కాదు, పడమర నుంచి.

హోస్ట్: అదేంటి?

వదిన: మ్యాప్ తెరువు. తీరం వెంబడి ఇసుక మేట ఉంటుంది, అది కాస్త ఎత్తు. ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, ఆ మేట మీదుగానే పోతుంది. దాని వెనక పల్లంలో బకింగ్‌హాం కాలువ. మన పెదగంజాం నుంచి మరక్కాణం దాకా వెళ్లేది ఈ కాలువే. అది దాటితే ఓఎంఆర్, అంటే ఐటీ కంపెనీలున్న పాత మహాబలిపురం రోడ్డు, షోళింగనల్లూర్ దాని మీదే. ఇంకా వెనక్కి వెళ్తే పళ్లికరణై చిత్తడి నేల. దక్షిణ చెన్నైలో చాలా చెరువులు పొంగితే ఆ నీళ్లు చిత్తడిలోకే వస్తాయి. అక్కడి నుంచి ఒక్కియం మడువు అనే వాగు మీదుగా బకింగ్‌హాం కాలువలో పడి, కిందికి వెళ్లి ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలవాలి. తుపాను రోజున సముద్రం పోటు మీద ఉంటుంది, నీళ్లు తీసుకోదు. ఇక అవి ఎక్కడికి పోతాయి? వేళచ్చేరి, పెరుంబాక్కం, పళ్లికరణైలో ఇళ్లలోనే నిలబడతాయి.

హోస్ట్: 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడు చూశాం కదా.

వదిన: ఆ తుపాను తీరం దాటింది మన బాపట్ల దగ్గర. మునిగింది మాత్రం చెన్నై! బీచ్‌కి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న వేళచ్చేరిలో పడవలు తిరిగాయి. 2015లో అయితే అడయార్ నది పొంగింది. చెంబరంబాక్కం చెరువు నుంచి నీళ్లు వదిలారు, సైదాపేట, కోటూర్‌పురం, ముడిచూర్ అన్నీ మునిగాయి. అందుకే బీచ్‌కి ఎంత దూరం అని అడిగితే సరిపోదు. నదికి, కాలువకి, చిత్తడికి ఎంత దూరమో కూడా అడగాలి. ఆ పళ్లికరణై చిత్తడి 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా. పేరైతే వచ్చింది గానీ, దాని చుట్టూ ఎప్పుడో కట్టేసిన అపార్ట్‌మెంట్లు ఎక్కడికీ పోలేదుగా.

హోస్ట్: అంటే ఈసీఆర్ మీద ఎక్కడ తీసుకున్నా పర్లేదా?

వదిన: అక్కడే జనం పొరపడతారు. కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంకరై, ఏదైనా సరే, రోడ్డుకి తూర్పు వైపా, పడమర వైపా అని అడగాలి. తూర్పు వైపు సందులు బీచ్‌కి పోతాయి. పడమర వైపు సందులు కాలువ దాకా దిగుతూ పోతాయి. బ్రోకర్ రెండింటినీ ఈసీఆర్ అనే చెబుతాడు. కాలువ వైపు ఆఖరి వీధుల్లో వానాకాలంలో బండి బయటికి తీయడమే కష్టం.

హోస్ట్: సునామీ మాటేంటి? పెద్దావిడ అడిగేది అదేనేమో.

వదిన: 2004 డిసెంబరు 26న మెరీనాలో, పట్టినపాక్కంలో, తీరాన్ని ఆనుకుని ఉన్న కుప్పాల్లో, అంటే జాలరి పల్లెల్లో, చాలా ప్రాణాలు పోయాయి. కాబట్టి మొదటి వరస ఇల్లు నేనూ వద్దనే అంటాను. నాలుగైదు వీధులు వెనక్కి రమ్మంటాను. సునామీ ఎప్పుడో వస్తుంది, ఉప్పు గాలికి తుప్పు మాత్రం రోజూ పడుతుంది.

హోస్ట్: (నవ్వు) చెప్పండి, మీకు ఇష్టమైన సబ్జెక్టు.

వదిన: నవ్వకు. బీచ్ ఎదురుగా ఉన్న ఇంటికెళితే బాల్కనీలో ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక్కి వంగి చూడు. సన్నటి రేకులు వరసగా ఉంటాయి. వేలు తగిలితే చాలు, బూడిదలా రాలిపోతాయి. కిటికీ గ్రిల్లుకి ఎన్నిసార్లు పెయింటు వేసినా అడుగున ఎర్రగా ఉబ్బి, పెచ్చులూడుతుంది. తలుపు బందులు కిర్రుమంటాయి. ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ అడుగున ముందు తుప్పు కనిపిస్తుంది, ఆ తర్వాత రిపేరు బిల్లు వస్తుంది. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు కొత్త పెయింటు చూసి మురిసిపోకుండా, పాత స్క్రూలు ఎలా ఉన్నాయో చూడాలి. అన్నిటికంటే నిజం చెప్పేది పైకప్పు. స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బితే బీటలు పడి, కాంక్రీటు పెచ్చు రాలుతుంది. ఓనర్ దాని మీద పుట్టీ రాసి తెల్లగా చేస్తాడు. తలెత్తి చూస్తే ఆ అతుకు తెలిసిపోతుంది.

హోస్ట్: మరి ఇన్ని కష్టాలున్నా అక్కడే ఎందుకుంటున్నారు?

వదిన: గాలి బాబూ, గాలి! మే నెలలో సముద్రానికి దూరంగా ఉన్న మీనంబాక్కం వాళ్లు మాడిపోతుంటే, మాకు మధ్యాహ్నానికల్లా సముద్రం గాలి వచ్చేస్తుంది. అది ఆలస్యమైన రోజు ఊరంతా తిట్టుకుంటుంది. సాయంత్రం కిటికీ తీసి కూర్చుంటే కరెంటు బిల్లు కూడా గుర్తురాదు. దానికోసం కొంచెం తుప్పు భరించొచ్చు.

హోస్ట్: నీళ్ల సంగతి?

వదిన: తాగే నీళ్లా? ఓఎంఆర్ గేటెడ్ కమ్యూనిటీల్లో క్లబ్‌హౌస్ ఉంటుంది, స్విమ్మింగ్ పూల్ ఉంటుంది, కుళాయిలోకి మాత్రం లారీ నీళ్లు రావాలి. 2019 వేసవిలో చెరువులు ఎండిపోతే ఐటీ కంపెనీలు ఇంటి నుంచే పని చేయమన్నాయి, గుర్తుందా? ఇప్పుడు నెమ్మేలిలో సముద్రపు నీళ్లని మంచినీళ్లుగా మార్చే ప్లాంట్లు రెండున్నాయి, ఒకటి 2013 నాటిది, రెండోది 2024లో మొదలైంది. పరిస్థితి కొంత మెరుగే. అయినా అద్దెతో పాటు మెయింటెనెన్స్ ఎంత, అందులో లారీ ఖర్చు కలిపారా అని అడగాలి. ఎండాకాలంలో మా లెక్కల పుస్తకంలో కరెంటు తర్వాత పెద్ద పద్దు అదే. బీచ్ వైపు ఇసుక నేలలో ఊట బాగానే ఉంటుంది గానీ, అందరూ బోర్లేసి తోడేస్తే ఉప్పు నీళ్లు లోపలికొస్తాయి. బాత్రూమ్ కుళాయి మొదట్లో తెల్లటి ఉప్పు తెట్టు కట్టిందంటే బోరు ఎలాంటిదో తెలిసిపోతుంది. బకెట్‌లో సబ్బు నురగ వస్తుందో లేదో కూడా చూడమను.

హోస్ట్: ఇప్పుడు అసలు ప్రశ్న. ఆఫీసు షోళింగనల్లూర్‌లో, మనసు బీచ్ మీద. మ్యాప్‌లో నీలాంకరై నుంచి ఓఎంఆర్ దగ్గరే అనిపిస్తుంది.

వదిన: కాకి ఎగిరితే దగ్గరే. మధ్యలో కాలువుంది, దాని మీద వంతెనలు కొన్నే. కళ్లెదుట కనిపించే ఆఫీసుకి కూడా చుట్టూ తిరిగి వెళ్లాలి. షోళింగనల్లూర్ వాళ్లకి ఒక సౌకర్యం ఉంది, అక్కరై దగ్గర ఈసీఆర్‌ని ఓఎంఆర్‌ని కలిపే లింక్ రోడ్డు. కాబట్టి అక్కరై, ఇంజంబాక్కం చుట్టుపక్కల తూర్పు వైపు చూసుకుంటే ఆఫీసుకి హాయి. ఓఎంఆర్ మీద మెట్రో పనులు జరుగుతున్నాయి కదా, ఆ ట్రాఫిక్ చాలావరకు తప్పుతుంది.

హోస్ట్: మరి తిరువాన్మియూర్ చెప్పరేం?

వదిన: ఆఫీసుకి దూరం కాబట్టి ముందు చెప్పలేదు. ఊరికి వెళ్లే ముచ్చట వేరు. మనవాళ్లకి నెలకోసారైనా విజయవాడ వెళ్లకపోతే కుదరదు కదా! తిరువాన్మియూర్‌లో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కితే పార్క్ టౌన్‌లో దిగి, నడిచి సెంట్రల్‌కి వెళ్లిపోవచ్చు. విజయవాడ వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ అక్కడే ఎక్కొచ్చు. ఇంజంబాక్కం నుంచైతే ముందు ఇక్కడి దాకా రావాలి, సామానుతో. ఇక ఆంధ్రా బస్సులు మాధవరం నుంచి, అంటే ఊరికి ఆ చివర. పండగ రోజుల్లో ఈసీఆర్ నుంచి మాధవరం చేరేసరికే సగం ప్రయాణం అయిపోయినట్టుంటుంది.

హోస్ట్: తెలుగువాళ్ల మధ్య ఉండాలంటే టీ నగర్, మైలాపూర్ వైపు వెళ్లమంటారా?

వదిన: టీ నగర్‌లో టీటీడీ గుడి ఉంది, కేసరి స్కూల్ ఉంది, మైలాపూర్‌లో పొట్టి శ్రీరాములు గారి స్మారకం ఉంది. బాగానే ఉంటుంది. కానీ షోళింగనల్లూర్ ఉద్యోగానికి రోజూ అక్కడి నుంచి రావడం పిచ్చి పని. తెలుగువాళ్లు ఓఎంఆర్ నిండా ఉన్నారు, ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో ఎక్కినా నెల్లూరు యాస వినిపిస్తుంది.

హోస్ట్: అద్దె ఇచ్చేవాళ్ల షరతులు?

వదిన: బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ వైపు కొందరు ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అంటారు. చేపలు తినేవాళ్లయితే ఆ మాట ఫోన్‌లోనే తేల్చుకోమను, టోకెన్ అడ్వాన్సు ఇచ్చాక కాదు. అడ్వాన్సు విషయానికొస్తే, ఇక్కడ 10 నెలలది అడగడం పాత అలవాటు. 2017 తమిళనాడు అద్దె చట్టం ప్రకారం 3 నెలలకి మించకూడదు, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప. ఆ ‘తప్ప’ అన్నదే ఓనర్ల ఆయుధం. కాబట్టి సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఎంత కోస్తారో కూడా అందులోనే రాయించుకోవాలి.

హోస్ట్: ఇల్లు నచ్చింది. ఖాయం చేసుకునే ముందు చివరిగా ఎవరిని అడగాలి?

వదిన: వీధి మలుపులో ఇస్త్రీ బండి ఆయన్ని. ఓనర్ ‘ఇక్కడ చుక్క నీళ్లు నిలవవు సార్’ అంటాడు. ఇస్త్రీ ఆయనకి 2015లో ఎక్కడిదాకా వచ్చాయో, 2023లో ఎన్ని రోజులు కరెంటు లేదో అన్నీ తెలుసు. ఆయన లేకపోతే వాచ్‌మన్. అడిగాక కింద పార్కింగ్‌లోకి వెళ్లి గోడ చూడమను. నీళ్లు నిలిచిన చోట గోధుమ రంగు గీత ఉంటుంది. జనరేటర్, మోటార్లు, కరెంటు మీటర్లు ఆ గీతకి పైన ఉన్నాయా, కింద ఉన్నాయా చూసుకోవాలి. కింద ఉంటే మూడో అంతస్తులో ఉన్నా లాభం లేదు. లిఫ్ట్ ఆగుతుంది, మోటారు ఆగుతుంది, నీళ్లు మోసుకోవాలి.

హోస్ట్: మరి విజయవాడ ఆయనకి మీ జవాబు?

వదిన: స్కూల్ సీటు ఇంజంబాక్కం, నీలాంకరై వైపు దొరికితే ఇల్లు అక్కడే, రోడ్డుకి తూర్పున, బీచ్‌కి నాలుగు వీధులు ఇవతల. దొరక్కపోతే తిరువాన్మియూర్, ఆఫీసు ప్రయాణం ఆయన భరిస్తాడు. వేళచ్చేరిలో అద్దె తక్కువని మాత్రం గ్రౌండ్ ఫ్లోర్ తీసుకోవద్దను. అసలు ఇల్లు చూడ్డానికి ఏప్రిల్‌లో కాకుండా నవంబరులో, వాన పడిన మర్నాడు రమ్మను.