అయిదు కిలోమీటర్ల లోతున బురద

శ్రోతలందరికీ నమస్కారం.

ప్రకాశం బ్యారేజీ మీద విజయవాడ ఒడ్డు నుంచి సీతానగరం ఒడ్డు దాకా నడిచినవాళ్లకు ఆ దూరం కాళ్లకే తెలుసు. 1223 మీటర్లు. అలాంటి బ్యారేజీలు నాలుగు తెచ్చి ఒకదాని మీద ఒకటి నిలువుగా నిలబెట్టినా, మధ్య హిందూ మహాసముద్రంలో మన దేశానికి కేటాయించిన చోట నీళ్లలో మునిగిపోతాయి. అక్కడ లోతు 5000 మీటర్ల పైమాటే. కన్యాకుమారికి దక్షిణాన 2000 కిలోమీటర్లు దాటి ఉన్న ఆ చోట, అడుగున మెత్తటి బురద మీద, బంగాళాదుంపలు ఆరబోసినట్టు నల్లటి గడ్డలు పరుచుకుని ఉన్నాయి. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్ట్ కలిసిన గడ్డలు. శాస్త్రవేత్తలు వీటిని పాలీమెటాలిక్ నోడ్యూల్స్ అంటారు. వాటిని పైకి తెచ్చే పని గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

గనులు అనగానే సొరంగాలు, పేలుడు మందు గుర్తుకొస్తాయి. ఇక్కడ అవేమీ ఉండవు. గడ్డలు పైపైనే, సగం బురదలో కూరుకుని ఉంటాయి కాబట్టి ఏరుకుంటే చాలు. చిక్కంతా ఆ బురదతోనే వస్తుంది. బండి దిగబడేది బురదలో, గొట్టంలోకి గడ్డలతో పాటు వచ్చిపడేది బురద, చివరికి ఈ పని చేయవచ్చా కూడదా అన్న తగువు కూడా బురద గురించే. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది అందని విషయమేమీ కాదు.

ముందు ఆ గడ్డ సంగతి చూద్దాం. కోడిగుడ్డంత గడ్డను చేతిలోకి తీసుకుంటే అదే సైజు కంకర రాయి కన్నా తేలిగ్గా ఉంటుంది. లోపలంతా సన్నటి రంధ్రాలు, వాటి నిండా నీరు. వేళ్లకు నల్లటి మసి అంటుకుంటుంది. రెండు ముక్కలు చేస్తే ఉల్లిపాయ కోసినట్టు పొర మీద పొర కనిపిస్తుంది. నట్టనడుమ ఒక సొరచేప పన్నో, తిమింగిలం చెవి ఎముక ముక్కో, అగ్నిపర్వతం రాతి పలుకో ఉంటుంది. సముద్రపు నీటిలో, బురదలోని తేమలో కరిగి ఉన్న లోహాలు దాని చుట్టూ పేరుకుంటూ వస్తాయి. పేరుకునే వేగం పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. మనిషి పుట్టక ముందు మొదలైన గడ్డలు అవి.

మరి మచిలీపట్నం ఎదుట సముద్రంలో ఇవెందుకు లేవు? మన నదుల వల్ల. కృష్ణ, గోదావరి, ఆపైన గంగ, బ్రహ్మపుత్ర ఏటా మోసుకొచ్చే ఒండ్రు బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన మేట వేసింది. మేట అంత వేగంగా పడేచోట గడ్డ పెరిగే లోపే పూడిపోతుంది. నదుల ఒండ్రు చేరనంత దూరంలో, పైనుంచి రాలే సూక్ష్మజీవుల గుల్లలు తప్ప ఇంకేమీ పడని చోట మాత్రమే ఇవి బతికి బట్టకడతాయి. అక్కడ కూడా రాలేది గడ్డ పెరిగే దానికన్నా వేగంగానే రాలుతుంది. అయినా గడ్డలు పైనే ఎందుకు ఉంటాయంటే, అడుగున పాకే జీవులు వాటిని కదుపుతుంటాయని, ప్రవాహాలు మట్టిని ఊడ్చుకుపోతాయని చెబుతారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉన్న గ్యాసు వేరే కథ, దాన్ని దీనితో కలపకండి.

1872 నుంచి 1876 దాకా ప్రపంచం చుట్టిన చాలెంజర్ నౌక వలల్లో ఈ గడ్డలు పడ్డాయి. మన శాస్త్రవేత్తలు 1981 జనవరి 26న గవేషణి నౌక మీద మొదటిసారి వీటిని పైకి తీశారు. 1987లో మన దేశానికి పయనీర్ ఇన్వెస్టర్ హోదా, అంటే ఒక చోటును ముందుగా వెతుక్కునే హక్కు, వచ్చింది. ఆ హోదా పొందిన మొదటి దేశం మనదే. అప్పుడు లక్షా యాభై వేల చదరపు కిలోమీటర్లు ఇస్తే, వెతికి వెతికి మంచి సగం ఉంచుకుని మిగతాది తిరిగి ఇచ్చాం. 2002లో అంతర్జాతీయ సముద్రతల సంస్థతో ఒప్పందం మీద సంతకం చేశాం. ఇప్పుడు చేతిలో ఉన్న 75,000 చదరపు కిలోమీటర్లు మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం. అందులో 38 కోట్ల టన్నుల గడ్డలు ఉన్నాయని అంచనా. ఆ అంచనాను టన్నుకు విడగొడితే మాంగనీసు సుమారు 244 కిలోలు, నికెల్ 12 కిలోలు, రాగి 11 కిలోలు, కోబాల్ట్ కిలోన్నర లోపు వస్తాయి. ఆ చివరి కిలోన్నర కోసమే ఇంత ఆరాటం. కోబాల్ట్‌కు ప్రపంచమంతా కాంగో మీద ఆధారపడి ఉంది, మనకు సొంత గనులు లేవు.

ఇక యంత్రం. కింద గడ్డలు ఏరే బండి ఒకటి, పైకి తెచ్చే గొట్టం ఒకటి, పైన ఓడ ఒకటి. చెప్పుకోవడానికి మూడే.

బండికి పొక్లెయిన్‌కు ఉన్నట్టే గొలుసు పట్టాలు ఉంటాయి. దమ్ము చేసే మడిలోకి మామూలు టైర్లతో ట్రాక్టరు దించితే ఏమవుతుందో మీకు తెలుసు. అందుకే కేజ్ వీల్స్ తగిలిస్తారు. సముద్రపు బురద ఆ మడి కన్నా పలచన. కొన్నిచోట్ల పై పొర పెరుగులా ఉంటుంది. అందుకని పట్టాలు వెడల్పుగా చేస్తారు, నీటిలో బండి బరువు తగ్గేలా తేలే దిమ్మలు బిగిస్తారు. మరీ తేలిక చేస్తే పట్టాలు పట్టు దొరక్క ఒకేచోట తిరుగుతాయి. బరువు పెంచితే దిగబడుతుంది. ఒకసారి నడిచిన దారిలో మళ్లీ నడవకూడదు, పై తోలు తెగిపోయి ఉంటుంది కాబట్టి రెండోసారి మునగడం ఖాయం. మలుపు తిరిగేటప్పుడు లోపలి పట్టా బురదను పక్కకు తోసి గుంట చేస్తుంది, ఎక్కువ ప్రమాదం అక్కడే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేసిన వరాహ బండి 2021లో మధ్య హిందూ మహాసముద్రంలో 5270 మీటర్ల లోతున నేల మీద నడిచింది. అది నడక పరీక్ష. 2024లో అండమాన్ సముద్రంలో 1173 మీటర్ల లోతున ఏరే పరీక్ష చేసి 100 కిలోలకు పైగా గడ్డలు సేకరించారు.

ఆ లోతున ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి 500 రెట్లు. బొటనవేలి గోరంత చోటు మీద అయిదు క్వింటాళ్లు. గుంటూరు యార్డులో పన్నెండు మిర్చి టిక్కీలు ఆ గోటి మీద పెట్టినట్టు ఊహించుకోండి. మోటారునో, వైర్ల జంక్షన్ పెట్టెనో గాలితో వదిలేస్తే డొక్కు డబ్బాలా నలిగిపోతుంది. దానికి గట్టి గోడలు కట్టి లాభం లేదు, బరువు పెరుగుతుంది. అందుకే పెట్టె నిండా నూనె పోసి, పక్కన రబ్బరు తిత్తి ఒకటి తగిలిస్తారు. బయటి నీరు తిత్తిని నొక్కితే లోపలి నూనెకు అదే ఒత్తిడి వస్తుంది. లోపలా బయటా సమానం కాబట్టి రేకు పెట్టె కూడా నిలబడుతుంది. అయితే నూనెలో ఒక్క గాలి బుడగ మిగిలిపోయినా అక్కడే గొడవ మొదలవుతుంది. అందుకని నూనె నింపే ముందు వాక్యూమ్ పంపుతో గాలి పూర్తిగా లాగేస్తారు. ఆటోనగర్‌లో బ్రేకుల్లో గాలి తీసే మెకానిక్‌కు ఈ జాగ్రత్త ఎందుకో ఇట్టే అర్థమవుతుంది. నీటి చలి ఒకటి రెండు డిగ్రీలు, ఆ చలికి నూనె చిక్కబడి హైడ్రాలిక్ మోటార్లు మందగిస్తాయి, సీళ్లు గట్టిపడి నీరు లోపలికి జారుతుంది. ఒక్క ఆయిల్ సీలు పోతే బండిని పైకి లాగాల్సిందే. అయిదు కిలోమీటర్ల కేబుల్ చుట్టుకోవడం, బాగుచేయడం, మళ్లీ దించడం. ఓడ అద్దె మాత్రం ఆగదు.

కింద జీపీఎస్ పనిచేయదు, రేడియో తరంగాలు నీటిలో పోవు. శబ్దంతోనే స్థానం కనుక్కోవాలి. నీటిలో శబ్దం సెకనుకు 1500 మీటర్లు పోతుంది కాబట్టి పైనుంచి అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి ఏడు సెకన్లు పడుతుంది. విద్యుత్తు, కెమెరా బొమ్మలు మాత్రం కేబుల్ గుండానే వెళతాయి. ఆ కేబుల్, లేదా గొట్టం, అలలకు ఓడ లేచి పడుతుంటే కుదుపులకు తెగకుండా పైన కదలికను సర్దే విన్చ్ ఉండాలి. 2021లో పసిఫిక్‌లో బెల్జియం కంపెనీ ఒకటి పరీక్షిస్తున్న 25 టన్నుల బండి 4500 మీటర్ల లోతున కేబుల్ నుంచి విడిపోయింది. కొద్ది రోజుల్లో మళ్లీ పట్టుకుని లాగారు.

నిజమైన పరీక్ష గొట్టం దగ్గర ఉంది. కృష్ణలో డ్రెడ్జరుతో ఇసుక తోడేటప్పుడు ఇసుక ఎక్కువై నీరు తక్కువైతే పైపు పట్టేస్తుంది. ఇక్కడ పైపు అయిదు కిలోమీటర్లు, అదీ నిలువుగా. అయిదు సెంటీమీటర్ల గడ్డ నిలకడ నీటిలో సెకనుకు మీటరు పైచిలుకు వేగంతో కిందికి పడుతుంది. కాబట్టి పైకి పోయే నీటి వేగం అంతకన్నా బాగా ఎక్కువ, మూడు నాలుగు మీటర్లు ఉండాలి. గడ్డ పడే వేగం తీసేస్తే అది పైకి వచ్చేది సెకనుకు రెండు మూడు మీటర్లే, ఆ లెక్కన కింద గొట్టంలో దూరిన గడ్డ ఓడ మీద పడడానికి అరగంట నుంచి నలభై నిమిషాలు పడుతుంది. ఈలోగా పంపు ఆగిపోతే, గొట్టం పొడవునా ఉన్న గడ్డలన్నీ ఒక్కసారిగా కిందికి జారి అడుగున బిరడా కడతాయి. తిరిగి పంపు వేసినా అది కదలదు. అందుకే కింద ఒక వాల్వు పెట్టి, పంపు ఆగగానే అది తెరుచుకుని గడ్డలన్నీ బయటికి పడిపోయేలా చేస్తారు. ఆ వాల్వు గట్టిగా బిగుసుకుపోకుండా చూసుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. పంపు బదులు గొట్టం మధ్యలో గాలి కొట్టి, ఆ బుడగల తేలికతో నీటిని పైకి లాగే పద్ధతి కూడా ఉంది. 2022లో పసిఫిక్‌లో 4.3 కిలోమీటర్ల గొట్టంతో అలాగే 3000 టన్నులకు పైగా పైకి తెచ్చారు.

గడ్డలు పెళుసు. పంపు రెక్కల మధ్య, గొట్టం వంపుల దగ్గర ఒరుసుకుని పొడి అవుతాయి. ఓడ మీద నీరు వడకట్టినప్పుడు ఆ పొడి నీళ్లతోనే జారిపోతుంది. సరుకు నష్టం అనుకుంటే అదొకటి. ఆ మసక నీరు తిరిగి సముద్రంలో ఎక్కడ వదలాలి అన్నది ఇంకా పెద్ద సమస్య. పైనే వదిలితే వెలుతురు ఆగి చేపల మేత దెబ్బతింటుంది. 2022 పరీక్షలో 1200 మీటర్ల లోతున వదిలారు. ఆ నడిమి నీటిలో బతికే జెల్లీ చేపలకు, వడకట్టుకుని తినే జీవులకు అది ముక్కులో దుమ్ము కొట్టడమే. వచ్చిన లోతుకే తిరిగి పంపడం మేలు, దానికి ఇంకో గొట్టం కావాలి, ఖర్చు ఎక్కువ.

ఒడ్డుకు చేరాక లోహం తీయడం కూడా మామూలు ఖనిజం తీరు కాదు. రాగి ఖనిజాన్ని పొడి చేసి నురగలో తేల్చి వేరుచేసినట్టు దీన్ని చేయలేం. నికెల్, రాగి, కోబాల్ట్ మాంగనీసు స్ఫటికాల్లోనే ఇమిడి ఉంటాయి కాబట్టి మొత్తం గడ్డనే రసాయనాల్లో కరిగించాలి. హిందుస్థాన్ జింక్ ఉదయపూర్‌లో రోజుకు 500 కిలోలు శుద్ధిచేసే చిన్న ప్లాంటు నడిచింది. మాంగనీసు వదిలేస్తే టన్నులో సుమారు 975 కిలోలు గుట్టగా మిగులుతుంది. దాన్ని ఉక్కులో కలిపే ఫెర్రో అల్లాయ్‌గా మార్చాలి. విజయనగరం జిల్లా గరివిడి వైపు ఫర్నేసులకు ఆ లోహం కొత్త కాదు.

ఇప్పుడు విస్తీర్ణం లెక్క వేద్దాం. చదరపు మీటరుకు 5 కిలోల గడ్డలు ఉన్న చోట, ఏటా 30 లక్షల టన్నులు కావాలంటే 600 చదరపు కిలోమీటర్లు ఊడ్చాలి. విజయవాడ నగరం 62 చదరపు కిలోమీటర్లు. ఏడాదికి దాదాపు పది విజయవాడలు. ఊడ్చిన ప్రతిచోటా కొన్ని సెంటీమీటర్ల మందాన బురద లేచి మబ్బు కడుతుంది. 2021 పసిఫిక్ పరీక్షలో లేచిన బురదలో 92 నుంచి 98 శాతం నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులోనే ఉండిపోయిందని కొలిచారు. అది ఊరటే. మిగిలిన కొద్ది శాతం అడుగు ప్రవాహంతో ఎక్కడికి పోతుందో, ఎన్ని నెలలు తేలుతుందో అన్నది పెద్ద ఎత్తున చేసినప్పుడే తేలుతుంది. నాలుగు రోజుల పరీక్షకు, ఇరవై ఏళ్ల పనికి పోలిక లేదు.

1989లో పెరూ తీరానికి దూరంగా జర్మన్ శాస్త్రవేత్తలు సముద్రపు అడుగును నాగలి లాంటి పనిముట్టుతో కావాలనే దున్ని వదిలేశారు. 2015లో, అంటే 26 ఏళ్ల తర్వాత వెళ్లి చూస్తే చాళ్లు అలాగే ఉన్నాయి. మన చేలో దున్నిన చాలు ఒక్క వానకు చెదిరిపోతుంది. అక్కడ వాన లేదు, గాలి లేదు, ఒండ్రు లేదు. అదే ప్రాంతంలో 4000 మీటర్ల లోతున ఒక రకం ఆక్టోపస్‌లు గుడ్లు పెట్టి కాపు కాస్తుండగా చూశారు. అవి గుడ్లు అతికించేది చచ్చిపోయిన స్పంజి కాడలకు. ఆ స్పంజి మొలిచేది ఈ గడ్డ మీదే, ఎందుకంటే ఆ బురదలో కాలు ఊనడానికి గట్టి చోటు గడ్డ ఒక్కటే. దున్నిన చోట గడ్డలు పూడిపోయాయి, స్పంజి కాడలు పోయాయి.

దేశాల హద్దులు దాటిన సముద్రపు అడుగుకు యజమాని ఎవరూ లేరు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న సముద్రతల సంస్థ మానవాళి తరఫున దాన్ని చూస్తుంది. వెతకడానికి నియమాలు ఉన్నాయి, వాణిజ్యంగా తీయడానికి నియమావళి ఇంకా పూర్తి కాలేదు. 2025లో అమెరికా తన సొంత చట్టం కింద అనుమతులిస్తానని ముందుకొచ్చింది. ముప్పైకి పైగా దేశాలు ఇప్పుడు వద్దు, ఆగండి అంటున్నాయి. మనం వెతకడం, వరాహ లాంటి బండ్లు నడపడం, మత్స్య 6000 జలాంతర్గామిలో మనుషుల్ని పంపి కళ్లారా చూడడం ఆపకూడదు. అక్కడ ఏముందో చూడకుండా తీసుకోవడం తప్పు, చూడకుండా వదిలేయడమూ తప్పే. తీసే పని మాత్రం మబ్బు లెక్క తేలేదాకా మొదలుపెట్టకూడదు. బండి దిగడానికి కనీసం రెండేళ్ల ముందే, గడ్డలు ముట్టని పక్క జాగాలో బురద పట్టే పాత్రలు, ప్రవాహం కొలిచే పరికరాలు దించి ఉంచాలి. మొదటి బండి ఒక్క జాగా ఊడ్చాక ఏడాది ఆగి, ఆ పాత్రల్ని పైకి తీసి అడుగున ఎన్ని మిల్లీమీటర్ల బురద చేరిందో స్కేలు పెట్టి చూసి, రెండో బండి సంగతి అప్పుడు తేల్చుకోవాలి.

నమస్కారం.