పగిలిన టైల్ ముక్కలతో గౌడీ చేసిన పని, మన డాబా మీద అదే పని: రివ్యూ

నమస్కారమండీ. నెల్లూరులో గానీ ఒంగోల్లో గానీ ఏ మేడెక్కి చూసినా నాలుగు డాబాల మీద తెల్ల టైల్ ముక్కలు కనబడతాయి. ఎండ దిగకుండా వేయించుకుంటాం, మేస్త్రీలు చైనా మొజాయిక్ అంటారు. ఇదే పనిని స్పెయిన్‌లోని బార్సెలోనాలో ఆర్కిటెక్ట్ అంటోనీ గౌడీ బల్లల మీద, పొగగొట్టాల మీద, ఇంటి ముందు గోడ మీద చేశారు. అక్కడ దాన్ని త్రెంకదీస్ అంటారు, పగలగొట్టింది అని అర్థం. ఈ వీడియోలో ఆయన పనిని మేస్త్రీ కంటితో చూద్దాం.

గౌడీ 1852లో పుట్టారు. వాళ్ల నాన్న రాగి పనివాడు. బల్లపరుపు రేకు సుత్తి దెబ్బలకు గుండ్రటి పాత్రగా మారడం చూస్తూ పెరిగిన పిల్లవాడు. 1878లో ఆర్కిటెక్ట్ పట్టా వచ్చింది. తొలి పెద్ద ఇల్లు కాసా విసెన్స్ చూడండి, గోడలన్నీ నిటారు. అందుకే అక్కడ టైల్ ముక్కలు చెయ్యలేదు, గళ్లగళ్లుగా నిండు టైలే పెట్టారు. ఇప్పుడు 1904 నుంచి 1906 దాకా చేసిన కాసా బాట్లో అనే ఇంటిని చూడండి. ముందు గోడ అలలాగా ఉంటుంది. అలకి నాలుగు పలకల టైల్ అతకదు.

ఎందుకు అతకదో లెక్క చెప్తాను, పని చేయించుకునేవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. ముక్క పొడవును దాంతోనే గుణించి, వంపు వ్యాసార్థానికి 8 రెట్లతో భాగించండి. వచ్చేది ముక్క మధ్యకీ అంచుకీ మధ్య ఎత్తు తేడా. 300 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న బల్ల వంపు మీద 150 మిల్లీమీటర్ల టైల్ పెడితే తేడా 9 మిల్లీమీటర్లు దాటుతుంది, అంచు లేచి చేతికి తగులుతుంది. 100 అయితే 4. అదే 50 మిల్లీమీటర్ల ముక్క పెడితే 1 మిల్లీమీటరే, సిమెంటులో కలిసిపోతుంది. గౌడీ పనిని ఆడంబరం అంటారు గానీ, ముక్కలు చెయ్యడానికి మొదటి కారణం ఈ వంపే. పైగా ఫ్యాక్టరీలో పగిలిన సరుకు కూడా పనికొచ్చింది.

అన్నిట్లోకీ నాకు గొప్పగా అనిపించేది బార్సెలోనాలోనే గౌడీ కట్టిన పార్క్ గ్వెల్‌లో పాములా మెలికలు తిరిగే బల్ల. పొడవు దాదాపు 110 మీటర్లు. దాని మీద రంగుల కూర్పు ఎక్కువగా గౌడీతో పనిచేసిన ఆర్కిటెక్ట్ జోసెప్ మరియా జుజోల్ చెయ్యి. గౌడీ పేరు వెనక ఈయన పేరు మరుగున పడిపోవడం అన్యాయం. ఆ బల్ల కింది హాలు కప్పులో గుండ్రటి అలంకారాలు కూడా జుజోల్‌వే, పగిలిన ప్లేట్లు, సీసాలు కూడా వాడారు. రంగు ముక్కల మధ్య తెలుపు ధారాళంగా వదలడం గమనించండి, కంటికి విశ్రాంతి అక్కడే. మన దగ్గర పార్కు బల్లలకి చేసేటప్పుడు సందు లేకుండా ఎరుపు, పసుపు, నీలం కూరతారు, దూరం నుంచి చూస్తే బురద రంగే కనబడుతుంది.

ఇంకో సంగతి. ఆ బల్ల ఉన్న మైదానం కింద 86 స్తంభాలున్నాయి. పైన పడ్డ వాన మట్టిలో ఇంకి, స్తంభాల లోపల నుంచి దిగి, 1,200 ఘనపు మీటర్ల తొట్టిలో చేరుతుంది, అంటే 12 లక్షల లీటర్లు. అలంకారం కంటే ముందు నీటి దారి.

మన డాబాకీ అదే వరస. ముందు స్లాబు పగుళ్లు పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ వేసి, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద తడి చూసుకోండి. 10 అడుగులకు అంగుళంన్నర వాలు వాన నీళ్ల గొట్టం వైపు ఉండాలి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలని గుండ్రంగా తిప్పి, ముక్కలు ఆ గుండ్రం మీదుగా పైకి ఎక్కించాలి. చాలా ఇళ్లలో కారేది ఈ మూలలోనే.

టైల్‌ని గోనెసంచిలో చుట్టి వెనక వైపు నుంచి కొట్టండి, కళ్లద్దాలు తప్పనిసరి. సిరామిక్ గోడ టైల్ అయితే బుడగలు ఆగేదాకా నానబెట్టి, పైతడి ఆరాక వాడండి. నానకపోతే మాలులో, అంటే సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలో, నీరు పీల్చేసి నెల తిరక్కుండా ఊడుతుంది. విట్రిఫైడ్ ముక్క నీరు పీల్చదు, మామూలు మాలు దాన్ని గట్టిగా పట్టదు, దానికి టైల్ అడెసివ్ వాడాలి. చీమకుర్తి గ్రానైట్ ముక్కలు చవగ్గా దొరుకుతాయని కలపకండి. మందం 18 మిల్లీమీటర్లు దాటుతుంది, టైల్‌ది 7, 8. నడిస్తే కాలు తట్టుకుంటుంది. నలుపు రంగు వేడి పీలుస్తుంది కూడా.

మాలు 1:4, అంటే ఒక పాలు సిమెంటుకి నాలుగు పాళ్లు ఇసుక, మందం ఒక అంగుళం, పైన పలచగా సిమెంటు పాలు. ముక్కల మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్లు. రోహిణి కార్తెలో పని పెట్టుకోవద్దు. తప్పదంటే తెల్లవారుజామున మొదలుపెట్టి, మాలు అరగంటలో అయిపోయేంతే కలపమనండి. ప్రతి 10 అడుగులకూ ఒక సందు వదిలి, సాగే సీలెంట్ నింపాలి. ఎండకి సాగే చోటు లేకపోతే మధ్యలో ఉబ్బి లేస్తుంది.

సందుల్లో తెల్ల సిమెంటు నింపే ముందు, మర్నాడు చెక్క సుత్తితో మెల్లగా కొడుతూ పోండి. డొల్ల శబ్దం వచ్చిన ముక్కకి సుద్దతో గుర్తు పెట్టి, తీసి మళ్లీ అతికించాలి. తర్వాత నింపి, ఆరకముందే తడిగుడ్డతో అడ్డంగా తుడవాలి, సందు వెంట తుడిస్తే సిమెంటు లేచొస్తుంది. మరకలు పోవడానికి యాసిడ్ పోస్తానంటే ఒప్పుకోకండి, సందులు తినేస్తుంది. ఏడు రోజులు తడి గోనెలు కప్పి ఉంచండి.