కాలికి చార్జింగ్ పెట్టుకున్న కుర్రాడు: క్యాంపస్ వీధి నాటకం రివ్యూ

అందరికీ నమస్కారం. ఈసారి సినిమా కాదు, సిరీస్ కూడా కాదు. ఇక్కడ అమెరికాలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక యూనివర్సిటీలో స్టూడెంట్లు లైబ్రరీ మెట్ల దగ్గర వేసిన వీధి నాటకం గురించి చెప్తాను. వలస చట్టాల అమలు మీద వాళ్ళ నిరసన అది. 40 నిమిషాలు. టికెట్ లేదు, స్టేజీ లేదు, మైకు చివర్లో వచ్చింది, అది రాకపోయినా బాగుండేది, ఆ సంగతి తర్వాత చెప్తాను.

మొదలుపెట్టిన తీరే నాకు చాలా నచ్చింది. క్లాసుకు వెళ్ళే దారిలో నేల మీద పసుపు టేపుతో రెండు లైన్లు, పక్కన ఒక బల్ల, దాని మీద చెప్పుల అట్టపెట్టె. దారినపోయేవాళ్ళు అందులోంచి ఒక చీటీ తియ్యాలి, చీటీలో ఎవరుంటే కాసేపు మీరు వాళ్ళే. నా ముందున్న అమ్మాయికి "ఇక్కడే పుట్టావు" అని వచ్చింది, అలా నడిచి వెళ్ళిపోయింది. నాకు వచ్చిన చీటీ "హెచ్-4 వీసా, వయసు 20 ఏళ్ళ 11 నెలలు". చదవగానే గుండె జారిపోయింది. అమ్మానాన్నల హెచ్-1బి ఉద్యోగ వీసాతో పాటు పిల్లలకిచ్చే ఈ హెచ్-4 మీద చిన్నప్పుడే వచ్చి, బడి, కాలేజీ అన్నీ ఇక్కడే చదివి, గ్రీన్ కార్డు క్యూ కదలక, 21 నిండగానే ఆ వీసా చెల్లకుండా పోయే పిల్లలు మన తెలుగు ఇళ్ళల్లో ఎంతమంది ఉన్నారో ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నన్ను పక్క లైన్లో నిలబెట్టారు. 11 నిమిషాలు, ఫోన్లో చూసుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. పేపర్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటం ఎలా ఉంటుందో ఏ డైలాగూ నాకు అంత బాగా చెప్పేది కాదు.

తర్వాత కాన్వొకేషన్ గౌను, టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి మెట్ల మీద కూర్చుని గౌను కొంచెం పైకి లాగాడు. చీలమండకి నల్ల డబ్బా. దగ్గరికెళ్ళి చూస్తే సైకిల్ వెనక పెట్టే ఎర్ర లైటుకి ఇన్సులేషన్ టేపు చుట్టారు, అంతే. దానికి వైరు పెట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చాడు. కాలికి చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాడన్నమాట. వలస కేసుల్లో ఉన్నవాళ్ళు ఎక్కడ తిరుగుతున్నారో తెలియడానికి అధికారులు కాలికి తగిలించే ఎలక్ట్రానిక్ ట్యాగు అన్నమాట ఆ డబ్బా. నిజంగా ఆ ట్యాగు వేసుకున్నవాళ్ళు చేసేదే అది. ఫోన్ మోగింది, స్పానిష్‌లో వాళ్ళమ్మతో రెండు ముక్కలు మాట్లాడాడు, లేవబోయాడు, వైరు చాల్లేదు, మళ్ళీ కూర్చున్నాడు.

నాకు 2011 గుర్తొచ్చింది. కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ బండారం బయటపడ్డప్పుడు అందులో చేరినవాళ్ళలో చాలామంది మన పిల్లలే. కొందరి కాళ్ళకి ఇలాంటి ట్యాగులే తగిలించారు, భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. తెలిసి చేరినవాళ్ళు ఉంటే ఉండొచ్చు, ఫీజు కట్టి మోసపోయినవాళ్ళూ ఉన్నారు కదా! అందుకే ఇది మెక్సికో వాళ్ళ గొడవ, మనకెందుకు అంటే నేను ఒప్పుకోను.

గౌను వెనక కూడా కథ ఉంది. అమెరికాలో పెరిగి, పేపర్లు లేని 9 మంది యువతీయువకులు 2013 జూలైలో సరిగ్గా ఇలాంటి గౌన్లు, టోపీలతోనే అరిజోనా సరిహద్దు ఊరు నోగాలెస్ దగ్గర మెక్సికో వైపు నుంచి సరిహద్దుకి నడిచొచ్చి, మమ్మల్ని ఇంటికి రానివ్వండి అని అడిగారు, వాళ్ళని నిర్బంధంలో పెట్టారు. ఇక ఈ నాటకంలో పాత్రల మెడలో పేర్లు రాసి వేలాడదీసిన అట్టముక్కల ఆలోచన ఇంకా పాతది. 1965లో కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల సమ్మెలో లూయిస్ వాల్డెజ్ అనే నాటకకర్త కూలీల చేతే నాటకాలు ఆడించినప్పుడు ఎవరు ఎవరో తెలియడానికి మెడలో బోర్డులు వేసేవాడు. ఈ పిల్లలు అది చదువుకుని చేశారని తెలుస్తోంది, అందుకే వాళ్ళంటే గౌరవం కలిగింది.

నచ్చనివి రెండు. ఆఫీసర్ వేషం వేసినతను మొదటినుంచీ అరుస్తూనే ఉన్నాడు. ఎయిర్‌పోర్టులో నన్ను లోపలి గదిలోకి పంపినప్పుడు అక్కడున్న ఆయన గొంతు అస్సలు పెంచలేదు, నా పాస్‌పోర్టు పేజీలు మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు, ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ పోలేదు. ఆ నెమ్మది పెట్టి ఉంటే చూసేవాళ్ళకి చెమటలు పట్టేవి. రెండోది మైకు. చివరి పది నిమిషాలు నినాదాలు, ఉపన్యాసం. అప్పటిదాకా లైన్లో ఓపిగ్గా నిలబడ్డవాళ్ళు బ్యాగులు తగిలించుకుని వెళ్ళిపోయారు.

ఈ పిల్లలకి ఒక్క మాట చెప్పాలి. నా పక్కన మన తెలుగబ్బాయి ఒకడున్నాడు, మాస్టర్స్ చదువుతున్నాడు. చీటీ తీద్దామని చెయ్యి పెట్టె దాకా పెట్టి, ఫోటో తీసేవాళ్ళని చూసి వెనక్కి తీసుకున్నాడు. "అన్నా, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నా, మనకెందుకు" అన్నాడు. 2025 ఏప్రిల్లో వేలమంది విదేశీ స్టూడెంట్లు ఇక్కడ చదువుకోవడానికి ఉండాల్సిన ప్రభుత్వ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి, కోర్టులకెళ్ళాకే మళ్ళీ తెరిచారు, కాబట్టి నేను వాడిని తప్పుపట్టను. మళ్ళీ వేసినప్పుడు మైకు తీసేసి, ఆ పది నిమిషాలు ఆ అబ్బాయికి ఇవ్వండి. పెట్టె దాకా వెళ్ళి ఆగిపోయిన ఆ చెయ్యిని చూపించండి.