యుద్ధ విమానం నడపడానికి ఎవరు పనికొస్తారు?

విద్యార్థులకూ, వాళ్లతో వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం.

పైలట్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ధైర్యం. అది అక్కర్లేదని నేను అనను. కానీ శిక్షణలో చాలామందిని ఆపేది ధైర్యం కొరత కాదు. చెప్పిన తప్పును ఎంత త్వరగా దిద్దుకోగలరన్న దగ్గరే ఆగిపోతారు. వైమానిక దళంలో శిక్షణంతా గంటల లెక్క మీద నడుస్తుంది. ఇన్ని గంటలు ఎగిరేలోపు ఒంటరిగా విమానం తీసుకెళ్లి దింపగలగాలి, ఇన్ని గంటల్లోపు విన్యాసాలు రావాలి అని ముందే రాసి ఉంటుంది. గంటలకు పరిమితి లేకపోతే మీలో చాలామంది ఎగరడం నేర్చుకుంటారు. ఆ గంటల్లోపు నేర్చుకోగలరా అన్నదే ఎంపిక అడిగే ప్రశ్న.

ముందు కొలతల సంగతి చూద్దాం. ఇక్కడ వాదనకు చోటు లేదు. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు ఉండాలి. కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్య, కాలి పొడవు 99 నుంచి 120 మధ్య ఉండాలి. తొడ పొడవు 64 దాటకూడదు. ఇవన్నీ కాక్‌పిట్‌ను బట్టి పెట్టిన లెక్కలు. కాలు పొట్టిదైతే విమానం ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్‌ను చివరిదాకా తొక్కలేరు. తొడ పొడవైతే, ప్రమాదంలో పైలట్‌ను బయటికి విసిరే ఎజెక్షన్ సీటు పైకి లేచినప్పుడు మోకాళ్లు ముందున్న అంచుకు తగులుతాయి. కూర్చున్న ఎత్తు ఎక్కువైతే హెల్మెట్ పైనున్న గాజు కప్పు, అంటే కానపీకి ఆనుతుంది.

కళ్ల దగ్గర మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటారు. ఒక కన్ను 6/6 (పూర్తి చూపు), రెండోది 6/9 (కాస్త తక్కువ) ఉండాలి. ఆ రెండో కన్ను కూడా అద్దంతో 6/6 రావాలి. దూరదృష్టి దోషం (ప్లస్ పవర్) కొంతవరకు ఫరవాలేదు, హ్రస్వదృష్టి (మైనస్ పవర్) మాత్రం పనికిరాదు. రంగులను పూర్తిగా గుర్తించగలగాలి. లాసిక్ ఆపరేషన్‌ను నియమాలు ఒప్పుకుంటాయి కానీ 20 ఏళ్లు నిండాకే చేయించుకోవాలి, ఆ తర్వాత 12 నెలలు గడవాలి, కార్నియా మందం, కనుగుడ్డు పొడవు పరిమితుల్లో ఉండాలి. పదిహేడేళ్లకు ఆపరేషన్ చేయించేస్తే ఇంటర్ తర్వాత చేరే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, అంటే ఎన్‌డీఏకి దారి దొరుకుతుందనుకునే తల్లిదండ్రులకు చెబుతున్నాను, ఆ దారి దొరకదు. నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. మీరు దరఖాస్తు పెట్టే ఏడాది నోటిఫికేషన్‌ను మీరే చదవండి.

ఇక అసలు పరీక్ష. అధికారులను ఎంపిక చేసే బోర్డు ఎస్‌ఎస్‌బీలో నెగ్గిన ఫ్లయింగ్ అభ్యర్థులకు సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పైలట్ ఎంపిక పరీక్ష ఉంటుంది. పూర్వం దాని స్థానంలో పీఏబీటీ అనే పరీక్ష ఉండేది. యంత్రాలు మారాయి, పరీక్షించే గుణం మారలేదు. పరికరాల ముఖాలు చూసి విమానం ఏ స్థితిలో ఉందో చెప్పాలి. ఆ తర్వాత స్టిక్, పెడల్స్ పట్టుకుని తెర మీద కదిలే గుర్తును మధ్యలో నిలపాలి. అది నిలుస్తుండగానే దీపం వెలుగుతుంది, శబ్దం మోగుతుంది, వాటినీ ఆపాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. గుర్తు కుడికి జరగ్గానే స్టిక్‌ను గట్టిగా ఎడమకు లాగుతారు. అది మధ్యను దాటి ఎడమకు పోతుంది. కంగారులో ఇంకా గట్టిగా కుడికి లాగుతారు. నాలుగోసారికి గుర్తు తెర అంచుకు చేరుతుంది, దీపం వెలిగినా కంటికి కనబడదు. బాగా చేసేవాళ్లు స్టిక్‌ను వేళ్లతో పట్టుకుంటారు, పిడికిలి బిగించరు. కొద్దిగా కదిపి, ఫలితం చూసి, మళ్లీ కొద్దిగా కదుపుతారు. కాబట్టి వాళ్ల మనసులో దీపానికి చోటు మిగిలి ఉంటుంది. మిలిటరీ పైలట్‌కు కావలసిన మొదటి గుణం ఈ మిగులే. చేతులు విమానాన్ని నడుపుతుంటే, తలలో రేడియో వినడానికీ, ఇంధనం లెక్క వేయడానికీ, తర్వాతి నిమిషం గురించి ఆలోచించడానికీ చోటుండాలి.

సీపీఎస్‌ఎస్ జీవితంలో ఒక్కసారే. తప్పితే ఇక ఫ్లయింగ్ బ్రాంచి దారి మూసుకుపోతుంది. జ్వరంతోనో, రాత్రంతా రైల్లో నిద్ర లేకుండానో వెళ్లి కూర్చోవద్దు. దీనికోసం నెలల తరబడి కోచింగ్‌కు డబ్బు పోయడం నా దృష్టిలో వృథా.

ఎగిరే శిక్షణ హైదరాబాద్ పక్కన మన దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే మొదలవుతుంది. మొదటి దశ విమానం పిలాటస్ పీసీ-7 మార్క్ 2. యుద్ధ విమానాలకు ఎంపికైనవాళ్లు బీదర్‌లో హాక్ విమానం ఎక్కుతారు. రవాణా విమానాలవాళ్లకు యెలహంక, హెలికాప్టర్లకు హకీంపేట. మన దేశపు మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్‌లో దుండిగల్ పరేడ్ నుంచే బయటికొచ్చారు. అమ్మాయిలకు ఇది కాదనుకునేవాళ్లు ఆ మైదానం మన ఊరి పక్కనే ఉందని గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధ విమానంలో ఒంటికి ఏమవుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. గుండె నుంచి కంటికి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు. అంత ఎత్తుకు రక్తం నిలపడానికి మామూలుగా 22, 23 మిల్లీమీటర్ల పాదరసమంత ఒత్తిడి చాలు. గట్టి మలుపులో 5 జీ పడితే, అంటే ఒంటి బరువు అయిదింతలైనట్టుంటే, ఆ అవసరం అయిదింతలై 115కి చేరుతుంది. గుండె ఇచ్చేది దాదాపు 120. కంటిగుడ్డు లోపలే సుమారు 15 ఒత్తిడి ఉంటుంది కాబట్టి మెదడుకన్నా ముందు చూపు పోతుంది. రంగులు వెలిసిపోతాయి, అంచుల నుంచి చీకటి కమ్ముతుంది, అప్పటికీ మలుపు సడలించకపోతే స్పృహ తప్పుతుంది. జీ ఒక్కసారిగా పెరిగితే ఈ హెచ్చరికలేవీ రావు. మెదడులో మిగిలిన ఆక్సిజన్ నాలుగైదు సెకన్లు నడిపిస్తుంది, ఆ వెంటనే స్పృహ పోతుంది. స్పృహ వచ్చి, తాను ఎక్కడున్నాడో తెలిసేసరికి పావు నిమిషం పైనే పడుతుంది. గంటకు 720 కిలోమీటర్ల వేగంలో పావు నిమిషమంటే 3 కిలోమీటర్లు. విమానం నేలవైపు ముక్కు పెట్టి ఉంటే అది చాలు.

కాళ్లను, పొట్టను గాలితో బిగించే జీ-సూట్ ఒకటి, ఒకటిన్నర జీ వరకే ఆదుకుంటుంది. మిగతాది ఒంటితోనే చేయాలి. జీ పడకముందే కాళ్లు, పిరుదులు, పొట్ట బిగించి, గొంతు మూసి ఊపిరిని నొక్కిపట్టాలి. ప్రతి మూడు సెకన్లకొకసారి సెకను లోపల గాలి మార్చాలి. పొరపాట్లన్నీ ఆ గాలి మార్చే దగ్గరే జరుగుతాయి. నెమ్మదిగా పీలిస్తే ఛాతీలో ఒత్తిడి పడిపోతుంది. కాళ్లు, నడుము బలంగా ఉన్నవాళ్లు దీన్ని ఎక్కువసేపు చేయగలరు. పరుగు ఒక్కటే చాలదు, బరువులు కూడా ఎత్తాలి.

రెండో గుణం, తన ఒంటి మాటకన్నా పరికరం మాట నమ్మగలగడం. విమానం సెకనుకు 2 డిగ్రీల కన్నా నెమ్మదిగా ఒరిగితే చెవిలోపలి సమతౌల్య నాళాలకు తెలియదు. మబ్బులో అలా ఒరిగిన విమానాన్ని పైలట్ గమనించి సరిచేస్తే, ఇప్పుడు రెండో పక్కకు ఒరిగిపోయినట్టు ఒళ్లు చెబుతుంది. ఒళ్లు చెప్పినట్టు చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. పైన ఆక్సిజన్ తగ్గినా ఇలాగే మోసపోతాం. 25,000 అడుగుల దగ్గర సరిగా ఆలోచించగలిగే సమయం మూడు నుంచి అయిదు నిమిషాలు. ఆ సమయంలో చాలామందికి బాధగా కాదు, హాయిగా ఉంటుంది. "నాకు బాగానే ఉంది" అన్న భావనను అనుమానించే స్వభావం ఉన్నవాడే ఇక్కడ బతికి బయటపడతాడు.

మూడోది డీబ్రీఫ్‌లో తెలుస్తుంది. విమానం దిగాక ఇన్‌స్ట్రక్టర్ ఎదుట కూర్చుని ఆ సార్టీని, అంటే ఆ ఎగిరిన విడతను, మొదటి నుంచి చెప్పుకోవాలి. "దిగడానికి వచ్చే అప్రోచ్‌లో వేగం ఎందుకు పడిపోయింది?" అని అడిగితే "గాలి ఎక్కువగా ఉంది సార్" అన్న ట్రైనీకి మర్నాడూ వేగం పడిపోతుంది. "చూపు రన్‌వే మీదే ఉండిపోయింది సార్, స్పీడ్ చూడలేదు" అన్నవాడికి దిద్దాల్సినదేదో తెలిసిపోయింది. ఇంట్లో మార్కులు తగ్గినప్పుడు మీ పిల్లలు ఏ రకం జవాబు చెబుతున్నారో, ఆ జవాబుకు మీరెలా స్పందిస్తున్నారో తల్లిదండ్రులు గమనించాలి.

విమానం వదిలేసే నిర్ణయం కూడా గుణమే. ఇప్పటి ఎజెక్షన్ సీట్లు నేల మీద నిలబడి ఉన్న విమానం నుంచైనా బతికిస్తాయి. విమానం వేగంగా కిందికి జారుతుంటే మాత్రం ఆ భరోసా ఉండదు, కావలసిన ఎత్తు పెరుగుతూ పోతుంది. అందుకే ఏ ఎత్తులో హ్యాండిల్ లాగాలో నేల మీద ఉన్నప్పుడే తేల్చుకుంటారు. గాలిలో ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

ఎన్‌డీఏకి వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. డిగ్రీ తర్వాత సీడీఎస్, ఏఎఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. కంటి డాక్టర్ దగ్గర చుక్కల మందు వేయించి పవర్ పరీక్ష, రంగుల పరీక్ష చేయించండి. గోడకు ఆనుకుని కూర్చుని కూర్చున్న ఎత్తు, తొడ పొడవు కొలిపించండి. ఆ అంకెలు సరిపోతేనే కోచింగ్ ఫీజు గురించి ఆలోచించండి. సరిపోకపోతే అదే ఏఎఫ్‌క్యాట్‌లో టెక్నికల్, గ్రౌండ్ డ్యూటీ బ్రాంచిలు ఉన్నాయి, వాటి కంటి ప్రమాణాలు వేరు. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.