చెంబెడు నీళ్ల వజూ

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట నేను మీకు ఒక చెంబు గురించి చెబుతాను. లీటరుకు కాస్త తక్కువ నీళ్లు పట్టే రాగి చెంబు, పక్కన సన్నటి ముక్కు. మా వైపు ముస్లింల ఇళ్లలో దీన్ని బధనా అంటారు, మనం ముక్కు చెంబు అంటాం. ఆ చెంబెడు నీళ్లతో ఒక మనిషి నమాజుకు సిద్ధం కావడం నా చిన్నతనంలో రోజూ చూశాను.

మాది ధర్మాబాద్. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. దుకాణాల బోర్డుల మీద మరాఠీ, బేరసారాల్లో తెలుగు, హమాలీల మాటల్లో ఉర్దూ. మిర్చి వ్యాపారానికి పేరున్న ఊరు. మా నాన్న ఒక మిర్చి దుకాణంలో గుమాస్తాగా పనిచేసేవారు. బడి వదలగానే నేను అక్కడికి వెళ్లి, గోనె సంచుల మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడిని. కొత్తవాళ్లు ఆ ఘాటుకు తుమ్ముతూ బయటికి పరిగెత్తేవారు. మాకు అలవాటే.

ఆ దుకాణంలో బస్తాలు మోసే ఒక పెద్దాయన ఉండేవారు. అందరం చాచా అనేవాళ్లం. అసర్ నమాజు వేళ, అంటే సాయంకాలపు నమాజు వేళ అయ్యేసరికి ఆయన బస్తా దించి, తలగుడ్డ విప్పి, దులిపి, మూలనున్న బధనా అందుకునేవారు. నమాజుకు ముందు చేసే శుద్ధిని వజూ అంటారు. వజూలో ముఖం కడుక్కోవాలి. పొద్దుటి నుంచి ఎండుమిర్చిలో మునిగిన చేతులతో ముఖం కడుక్కుంటే కళ్ల సంగతి ఏమవుతుందో మీరే ఊహించండి. మిర్చి మంట ఉత్త నీళ్లతో పోదు. అందుకని చాచా ముందుగా అరచేతిలో నాలుగు చుక్కల పల్లీ నూనె పోసుకుని, వేళ్ల సందుల దాకా రుద్దేవారు. ఆపైన చిటికెడు జొన్నపిండి. పిండి ఉండలు ఉండలుగా రాలిపోయేది. తర్వాత గుడ్డతో గట్టిగా తుడిచేవారు. గోళ్ల సందుల్లో పిండి మిగిలిందేమోనని వెలుతురులో చేతులు తిప్పి చూసుకునేవారు. "పిండి అడ్డం ఉంటే నీళ్లు చర్మానికి తగలవు బాబూ, వజూ కాదు" అని నాతో అనేవారు.

అప్పుడు చెంబు వంచేవారు. ముక్కులోంచి నీళ్లు దారంలా వచ్చేవి. దారంలా అంటే నిజంగా దారంలాగే. ముందు చేతులు మణికట్ల దాకా. తర్వాత నోరు పుక్కిలించడం, ముక్కు శుభ్రం చేసుకోవడం. ఆపైన ముఖం, నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోటి నుంచి గడ్డం కింది దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా. కుడి చెయ్యి మోచేతి దాకా, ఎడమ చెయ్యి మోచేతి దాకా. తడిచేతులతో తల మీద ఒక్కసారి తుడుచుకోవడం, చెవులు. చివరికి పాదాలు చీలమండల దాకా, ఎడమచేతి చిటికెన వేలు కాలివేళ్ల మధ్య పోనిచ్చి మరీ. కడిగే అవయవాన్ని మూడేసి సార్లు కడిగేవారు. తలను మాత్రం ఒక్కసారి తుడవడమే.

ఇన్ని చేసినా చెంబు ఖాళీ అయ్యేది కాదు. అడుగున ఒక గుక్కెడు నీళ్లు మిగిలేవి. చాచా లేచి నిలబడి, ఆ గుక్కెడు తాగేవారు. నాకు వింతగా ఉండేది. నీళ్లు నిలబడి తాగకూడదని మా ఇంట్లో నాయనమ్మ కోప్పడేది మరి. చాచాను అడిగితే, వజూ చేయగా మిగిలిన నీళ్లను ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ నిలబడి తాగారనీ, ప్రవక్త అలా తాగడం తాను చూశానని చెప్పారనీ అన్నారు. ఆ మాట, ప్రవక్త మాటలూ చేతలూ కూర్చిన సహీ బుఖారీ గ్రంథంలో ఉందని నాకు పెద్దయ్యాక తెలిసింది.

నేను ముస్లింను కాను. చూసినదీ, అడిగి తెలుసుకున్నదీ చెబుతున్నాను. వజూలో తప్పనిసరి భాగాలను ఖురాను అయిదో అధ్యాయం, అల్ మాయిదా, ఆరో వాక్యం చెబుతుంది: ముఖం, మోచేతుల దాకా చేతులు, తల తుడవడం, చీలమండల దాకా పాదాలు. నీళ్లు దొరకనప్పుడు శుభ్రమైన మట్టితో ముఖాన్నీ చేతులనూ తుడుచుకునే తయమ్ముమ్ కూడా ఆ వాక్యంలోనే ఉంది. ప్రవక్త ఒక ముద్దు నీళ్లతో వజూ చేసేవారని ఆయన సహచరుడు హజ్రత్ అనస్ చెప్పిన మాట కూడా బుఖారీలోనే ఉంది. ముద్దు అంటే మన ముద్ద కాదు, అరబ్బుల కొలత. రెండు అరచేతులూ కలిపి పట్టిన ఒక దోసిలి అంత. లెక్కగట్టే పద్ధతిని బట్టి తేడా వస్తుంది గానీ, సుమారుగా లీటరుకు అటూ ఇటూ, చాలామంది లెక్కలో ఇంకా తక్కువే. చాచా బధనా సరిగ్గా ఆ కొలతకు వస్తుంది!

మరో మాట ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. సఅద్ అనే సహచరుడు వజూ చేస్తుంటే ప్రవక్త అటుగా వచ్చి, ఈ వృథా ఏమిటని అడిగారట. వజూలో కూడా వృథా ఉంటుందా అన్నాడాయన. ఉంటుంది, నువ్వు పారే ఏటి ఒడ్డున ఉన్నా సరే అన్నారట ప్రవక్త. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చేరిన ఉల్లేఖన పరంపర గట్టిదేనా అని పండితుల్లో చర్చ ఉంది. నీళ్లు వృథా చేయకూడదన్న విషయంలో లేదు.

పారే ఏటి ఒడ్డున ఉన్నా సరే. ఈ మాట మా తాలూకావాళ్లకు తగిలినట్టు ఇంకెవరికీ తగలదనుకుంటాను. గోదావరి మా పక్కనే. బాబ్లీ బ్యారేజీ మా తాలూకాలోనే ఉంది. దాని 14 గేట్లు ఏ రోజు ఎత్తాలో, ఏ రోజు దించాలో 2013లో సుప్రీంకోర్టు తేదీలు పెట్టి మరీ చెప్పింది. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా ఎత్తి ఉంచాలి. మార్చి 1న కిందికి 0.6 టీఎంసీల నీళ్లు వదలాలి. నీళ్ల కోసం రెండు రాష్ట్రాలు కోర్టుకెక్కిన ఏటి ఒడ్డున బతుకుతున్నాం మేము.

ఈ మధ్య ఒకరోజు మా ఇంట్లోనే చూశాను. కొళాయి పూర్తిగా తిప్పి, కింద బకెట్ పెట్టి, ఎప్పటిలాగే తీరుబడిగా ముఖం, చేతులు, కాళ్లు కడుక్కున్నాను. పదిహేను లీటర్ల బకెట్ నిండి పొర్లింది. చాచా చెంబులు పదిహేనుకు పైనే! నా చేతులకు మిర్చి కూడా లేదు.

తప్పు కొళాయిది. కొళాయి ముందు నిలబడితే చెయ్యి నీళ్ల కింద ఉన్నంతసేపే కాదు, సబ్బు రుద్దుతున్నంతసేపూ, ముక్కు చీదుతున్నంతసేపూ, పక్కవారితో మాట్లాడుతున్నంతసేపూ నీళ్లు పోతూనే ఉంటాయి. చెంబు అలా కాదు. వంచితేనే పోస్తుంది, లేపితే ఆగుతుంది.

అందుకే ఈ చిన్న పని చేసి చూడమని అడుగుతున్నాను. వజూ చేసేవారైనా, పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేవారైనా, ఒక్క వారం రోజులు కొళాయి కట్టేసి చెంబు పట్టండి. ముక్కు చెంబు ఇప్పటికీ పాత్రల కొట్లలో దొరుకుతుంది. రాగిదే కానక్కర్లేదు, ప్లాస్టిక్‌ది కూడా చాలు. కుడిచేత్తో వంచి ఎడమచెయ్యి, ఎడమచేత్తో వంచి కుడిచెయ్యి. మొదటి రోజు రెండు చెంబులు పడతాయి, నాకూ పట్టాయి. నాలుగో రోజుకు ఒక్కటే సరిపోయింది. అడుగున గుక్కెడు మిగలడానికి మాత్రం పది రోజులు పట్టింది. ఆ గుక్కెడు నేనూ నిలబడే తాగాను.

సెలవు. నమస్కారం.