డబ్బా తిప్పి చూడండి

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చింది మూడే నిమిషాలు. ఒక్క టమాటా డబ్బా సంగతి చెప్పి వెళ్లిపోతాను.

కిందటేడు డాలస్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. పిల్లలకు పాస్తా చేద్దామని షాపుకెళితే టమాటా డబ్బాలకే ఒక వరస మొత్తం ఉంది. ఒకదాని మీద ఇటలీ జెండా రంగులు, పెద్దక్షరాలతో 'సాన్ మర్జానో' అన్న పేరు. పాస్తా సాస్‌కు పేరుపడ్డ ఇటలీ టమాటా అది. ఇంకేం, అసలు సరుకే దొరికిందనుకున్నాను. ఇంటికొచ్చి మూత తీస్తే లోపల తరిగిన ముక్కలు. ముప్పావు గంట ఉడికించినా ముక్కలు ముక్కల్లాగే ఉన్నాయి! మా చెల్లెలు డబ్బా తిప్పి చూసి ఒకటే నవ్వు. "అక్కా, ఇది కాలిఫోర్నియాలో పండింది. ముక్కలు మెత్తబడకుండా కాల్షియం క్లోరైడ్ కూడా వేశారు, ఇదిగో చూడు."

సాన్ మర్జానో అనేది టమాటా రకం పేరు. ఆ విత్తనం ఎక్కడ వేసినా మొలుస్తుంది. కానీ నేపుల్స్ దగ్గర, వెసూవియస్ అగ్నిపర్వతం పక్కన, సార్నో నది లోయలో పండిన పంటకు 1996లో యూరప్ చట్టం రక్షణ ఇచ్చింది. మన బనగానపల్లె మామిడికి 2017లో జి.ఐ. గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకన్న గుర్తింపు, వచ్చింది చూడండి, అలాంటిదే.

అందుకే డబ్బా తిప్పి చూడండి. ఎరుపు, పసుపు రంగుల్లో గుండ్రటి ముద్ర ఉండాలి. దాన్ని డి.ఓ.పి. అంటారు, సరుకు ఆ ప్రాంతానిదేనని చెప్పే ముద్ర. 'సర్టిఫైడ్' అని ఇంగ్లీషులో ఎంత పెద్దగా రాసినా ఆ ముద్రకు సాటి రాదు. ఇంకో గుర్తు కూడా ఉంది. డి.ఓ.పి. టమాటా తొక్క తీసి కాయ కాయగానో, నిలువుగా చీల్చిన బద్దలుగానో మాత్రమే వస్తుంది. చిన్న ముక్కలు తరిగిన డబ్బా మీద ఆ పేరుంటే ఇక చూడక్కర్లేదు, పక్కన పెట్టేయండి.

మర్నాడు ముద్ర ఉన్న డబ్బా తెచ్చాం. పొడుగ్గా, చివర మొనదేలి, గింజలు తక్కువగా ఉన్న కాయలు. వేళ్లతో చిదిమితే చాలు, గుజ్జయిపోయాయి. ఆలివ్ నూనెలో వెల్లుల్లి వేయించి, ఆ గుజ్జు పోసి, ఉప్పు వేస్తే ఇరవై నిమిషాల్లో సాస్ తయారు. పంచదార అక్కర్లేదు, ఆ తీపి కాయలోనే ఉంది.

ధర మాత్రం ఎక్కువే. నన్నడిగితే రోజువారీ వంటకు అంత ఖర్చు దండగ. ఇటలీ నుంచి వచ్చిన మామూలు పొట్టు తీసిన టమాటా చాలు, కాల్షియం క్లోరైడ్ లేకుండా చూసుకుంటే సరి. ఇక చారులోకి, పప్పులోకి అంటారా? వాటికి పులుపుండాలి. మన నాటు టమాటాయే కావాలి.

ఆ మొదటి డబ్బా సగం మిగిలిపోయింది కదా. మా చెల్లెలు దాన్ని మిక్సీలో వేసి, కాస్త చింతపండు కలిపి, ఆవాలూ ఇంగువా తాలింపు పెట్టింది. పొద్దున్నే ఇడ్లీల్లోకి, నిజం చెప్పాలంటే, బాగానే కుదిరింది.