నాన్న వద్దన్న ఫోటో

అందరికీ నమస్కారం. కూర్చోండి కూర్చోండి, ముందు వరసలో ఖాళీలున్నాయి, ఎవరూ ఏమీ అనరు. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. అందరూ ఫోన్లు తీయండి. సైలెంట్‌లో పెట్టమని కాదులెండి, ఎలాగూ పెట్టరు. గ్యాలరీలోకి వెళ్ళి మీ అమ్మగారిదో నాన్నగారిదో ఒక ఫోటో వెతకండి. ఫంక్షన్‌లో తీసింది వద్దు, గ్రూప్ ఫోటో వద్దు, మీరు పక్కనుండి తీసుకున్న సెల్ఫీ అసలొద్దు. వాళ్ళొక్కరే ఉండాలి, ఆ ముఖం చూడాలనిపించి మీరు తీసిందై ఉండాలి.

ఒక నిమిషం ఇస్తా.

ఎంతమందికి దొరికింది? చేతులెత్తండి. ఐదు, ఆరు... అంతే కదా. ఎక్కడడిగినా ఇంతే. మన ఫోన్‌లో వేల ఫోటోలుంటాయి, మనల్ని కన్నవాళ్ళ ముఖం సరిగ్గా చూసి తీసింది ఒక్కటుండదు. నేను మిమ్మల్ని అనట్లేదు, పదిహేనేళ్ళు కెమెరా పట్టుకుని తిరిగాక గానీ నా దగ్గర కూడా లేదని నాకు తెలీలేదు.

ఈరోజు నన్ను మాట్లాడమన్నది పోర్ట్రెయిట్ గురించి, అంటే ఒక మనిషి ముఖాన్ని చూసి తీసే ఫోటో గురించి, అందులోనూ ఇంట్లోవాళ్ళనీ ముక్కూమొహం తెలియనివాళ్ళనీ దగ్గరగా తీయడం గురించి. మామూలుగా అందరూ ఏమనుకుంటారంటే ఇంట్లోవాళ్ళని తీయడం తేలిక, బయటివాళ్ళని తీయడం కష్టం అని. నేనూ అలాగే అనుకున్నా. ఇప్పుడు నాకు పూర్తిగా తిరగబడి కనిపిస్తోంది. ఎందుకంటే బయటివాళ్ళు వద్దనగలరు. ముఖం తిప్పుకుని వెళ్ళిపోతారు, లేదా నాలుగు తిడతారు, గొడవ అక్కడితో వదిలిపోతుంది. ఇంట్లోవాళ్ళు వద్దనలేరు. మీ అమ్మ వద్దనదు, "సరేలే తీసుకో, తొందరగా కానీ" అంటుంది, దాన్ని మనం ఒప్పుకోవడం అనుకుంటాం. అది ఒప్పుకోవడం కాదండీ, అది మన మీద ప్రేమ. ఈ రెండింటికీ తేడా తెలుసుకోడానికి నాకు చాలాకాలం పట్టింది, ఒక ఫోటో కూడా పోయింది, దాని దగ్గరికి చివర్లో వస్తా.

ముందు బయటి మనిషి గురించి చెప్తా, అది కాస్త సరదాగా ఉంటుంది. వాచీలు బాగుచేసే ఒకాయన ఉండేవారు. నేను రోజూ ఆ దారిన వెళ్ళేదాన్ని. కంటికి ఆ చిన్న భూతద్దం పెట్టుకుని వంగి కూర్చుని ఉంటారు, లైటు కింద నుంచి ముఖం మీదకి పడుతూ ఉంటుంది, చూడగానే తీయాలనిపించే సీను. ఒక నెలపాటు అలా చూస్తూ వెళ్ళిపోయా. ఒకరోజు ఆయన భూతద్దం తీసి తలెత్తారు, అప్పుడు చూశా, కుడి కన్ను చుట్టూ గుండ్రంగా ఒక గీత. కనుబొమ దగ్గర లోతుగా, కింద చెంప ఎముక దగ్గర కొంచెం నల్లగా. కాసేపటికి పోయే గీత కాదు, చర్మం అలా అమిరిపోయింది. నేను దగ్గరికి వెళ్ళి, "బాబాయ్ గారూ, మీ ఫోటో ఒకటి తీసుకోవచ్చా" అన్నా. "నాదెందుకమ్మా, అందమైనవాళ్ళెవర్నైనా తీసుకో" అన్నారు. సాధారణంగా అలాంటప్పుడు "అయ్యో మీరు బాగున్నారండీ" అని ఏదో అనేస్తాం. ఆరోజు నోరు జారి నిజం చెప్పేశా, "మీ కంటి చుట్టూ గీత పడింది, అది చూసి ఆగానండీ" అని.

ఆయన చెయ్యి పైకెత్తి కన్ను చుట్టూ వేలితో తడుముకున్నారు. నెమ్మదిగా, ఒక రౌండు మొత్తం. "నలభై ఏళ్ళ నుంచి ఇదే పని, ఇంట్లో ఒక్కళ్ళూ చెప్పలేదే" అన్నారు.

ఆ వేలు అక్కడ ఉండగా తీసిందే స్క్రీన్ మీద ఇప్పుడు మీరు చూస్తున్నది. (దీన్ని చూపించడానికి ఆయన్ని అడిగా, ఒప్పుకున్నారు, కాకపోతే వెనకాల బల్ల మీద చిందరవందరగా ఉన్నది కట్ చేయమన్నారు, చేశా.) నాకు ఈ ఫోటోకంటే ఆయన అన్న మాటే ఎక్కువ గుర్తుండిపోయింది. ఇంట్లోవాళ్ళు చూడలేదని కాదు, రోజూ చూస్తారు కాబట్టి కనిపించదు. తెలిసిన ముఖాన్ని మనం చూడం, గుర్తుపడతాం అంతే. గుర్తుపట్టేశాక కళ్ళు పని మానేస్తాయి. అందుకే అమ్మ ఫోటో దొరకదు మన ఫోన్‌లో.

ఇంకో సంగతి, అవతలి మనిషికి తన ముఖం తనకి కూడా సరిగ్గా తెలీదు. మనందరం మనల్ని అద్దంలో చూసుకుని పెరిగాం, అంటే కుడిఎడమలు తారుమారైన ముఖం. ఫోటోలో అసలు ముఖం కనబడేసరికి ఏదో తేడా కొడుతుంది, "నేనిలా ఉండనే" అంటాం. పక్కవాళ్ళేమో "అచ్చం నువ్వే" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. దీనికి తోడు ఫోన్‌ని ముఖానికి అతిదగ్గరగా పెట్టి తీస్తాం. 30 సెంటీమీటర్ల దూరంలో సెల్ఫీ తీసుకుంటే ముక్కు, మీటరున్నర దూరం నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో డాక్టర్లే లెక్కేసి చెప్పారు, ఎందుకంటే ముక్కు ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళు సెల్ఫీలు చూపించి ఏడుస్తున్నారట. కాబట్టి మీ అత్తయ్యని తీసేటప్పుడు ఆవిడ మీద మీదకి వెళ్ళిపోకండి, ఒకటిన్నర రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి. లెన్స్ వల్ల ముక్కు పెద్దదవ్వదు, దూరం వల్ల అవుతుంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే 85 ఎంఎం లెన్స్ కొనమని అందరూ చెప్పేది కూడా అందుకే, దాంతో ముఖం నిండా రావాలంటే మీరు చచ్చినట్టు వెనక్కి జరగాల్సిందే. అయితే అది కొన్న ఉత్సాహంలో 1.8 అపర్చర్, అంటే లెన్స్ కన్ను బాగా పెద్దగా తెరిచి పెట్టి మీటరు దూరం నుంచి తీస్తే ఫోకస్‌లో ఉండేది ఒకటిన్నర సెంటీమీటరే, ఇటు కన్ను ఉంటుంది అటు కన్ను పోతుంది. టెక్నిక్ సంగతి ఇంతకంటే చెప్పను, కిటికీ పక్కన కూర్చోబెట్టండి, రూంలో ట్యూబ్‌లైటు ఆపేయండి, చాలు.

నవ్వు సంగతి మాత్రం చెప్పాలి. జూలియా మార్గరెట్ కామెరాన్ అని ఒకావిడ, 1863లో, 48 ఏళ్ళ వయసులో, కూతురూ అల్లుడూ కలిసి కెమెరా ఇస్తే ఫోటోలు మొదలుపెట్టింది. ఇంట్లో ఎవరు దొరికితే వాళ్ళని కూర్చోబెట్టేది, పనిమనిషిని, మేనకోడల్ని, పక్కింటి పిల్లల్ని, వచ్చిపోయే పెద్దమనుషుల్ని. అప్పట్లో ఫిల్మ్ బదులు వాడే గాజు ప్లేట్ మీద బొమ్మ పడాలంటే నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. నిమిషాల తరబడి నవ్వడం ఎవరివల్లా కాదు కదా. మొదటి కొన్ని సెకన్లకే పెట్టుకున్న ముఖం కరిగిపోతుంది, లోపలి మనిషి వచ్చి కూర్చుంటాడు. ఆవిడ ఫోటోల్లో ఆ నిండుదనానికి సగం కారణం ఆ ఆలస్యమే అని నా నమ్మకం. మన కెమెరాలు సెకనులో 125వ వంతులో పని కానిచ్చేస్తున్నాయి, అందుకే మనకి పెట్టుకున్న ముఖమే దొరుకుతోంది.

దీనికి ఫోటోగ్రాఫర్ల దగ్గర ఒక పాత ఎత్తు ఉంది, "అయిపోయింది, థాంక్యూ" అని కెమెరా కొంచెం దించినట్టు దించి, వాళ్ళు ఊపిరి వదలగానే మళ్ళీ నొక్కడం. బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నేను వందలసార్లు చేశా. ఇప్పుడు చెప్పి చేస్తున్నా, "అయిపోయిందంటాను, కానీ ఇంకో రెండు తీస్తాను" అని. నమ్మండి, చెప్పినా పనిచేస్తుంది, ఎందుకంటే మనిషి పోజుతో ఎక్కువసేపు వేగలేడు, అలిసిపోతాడు. మీరు చేయాల్సిందల్లా వాళ్ళు అలిసేదాకా అక్కడ నుంచోవడం.

కానీ అలా దొరికింది ఎవరిది అన్నది పెద్ద పేచీ. డయాన్ ఆర్బస్ అనే ఫోటోగ్రాఫర్ 1962లో ఒక పార్కులో బొమ్మ గ్రెనేడ్ పట్టుకున్న పిల్లాణ్ణి తీసింది, చూస్తే భయమేస్తుంది, వేళ్ళు గోళ్ళలా వంకర్లు తిరిగి, మూతి బిగించి. ఆ ఫిల్మ్ రోల్ మొత్తం చూస్తే మిగతా ఫ్రేముల్లో వాడు నడుం మీద చెయ్యేసుకుని మామూలుగా ఆడుకునే పిల్లాడే. ఏరుకున్నది ఆవిడ. అబద్ధం కాదు, ఆ క్షణం నిజంగా ఉంది, కానీ వాడు ఎంచుకున్నది కాదు. లారీ సుల్తాన్ అని ఇంకొకాయన ఏళ్ళ తరబడి వాళ్ళ అమ్మానాన్నల్నే తీశాడు. సూటు వేసుకుని మంచం మీద దిగాలుగా కూర్చున్న తండ్రి ఫోటో ఒకటుంది. ఆ తండ్రి ఊరుకోలేదు, అక్కడ కూర్చున్నది నేను కాదురా, నువ్వు, ఆ దిగులు నీది, అనే అర్థం వచ్చేలా కొడుక్కి చెప్పాడు. నాకైతే పోర్ట్రెయిట్ గురించి ఇంతకంటే గట్టి విమర్శ ఎవరూ చేయలేదనిపిస్తుంది, అదీ ఫోటోలో ఉన్న మనిషి. సుల్తాన్ గొప్పతనం ఏంటంటే ఆ మాటని దాచకుండా ఫోటోలతో పాటే అచ్చేశాడు.

సాలీ మాన్ అనే ఫోటోగ్రాఫర్ తన ముగ్గురు పిల్లల్ని తీసిన ఫోటోలు 1992లో పుస్తకంగా వచ్చినప్పుడు, కొన్నిట్లో పిల్లల ఒంటి మీద బట్టల్లేవని పెద్ద దుమారం రేగింది, ఇప్పటికీ ఆగలేదు. వద్దన్న ఫోటో తీసేయమనే హక్కు పిల్లలకిచ్చింది. మంచిదే. కానీ చిన్నపిల్లల "సరే" ఎంతవరకు సరే? నా దగ్గర జవాబు లేదు, నా రూలు మాత్రం ఒకటుంది, పిల్లలవి తీస్తాను, ప్రింట్ చేసి వాళ్ళ ఇంట్లోనే ఇస్తాను, నెట్‌లో పెట్టను. తీయనివ్వడం వేరు, నలుగురికీ చూపించనివ్వడం వేరు, ఎప్పటికీ ఉంచనివ్వడం వేరు. మనం ఒకసారి అడిగి మూడిటికీ సరిపెట్టేస్తాం.

బయటివాళ్ళు వద్దనగలరు అన్నా కదా ఇందాక, అదీ ఎప్పుడూ నిజం కాదు. 1936 మార్చిలో డొరొతియా లాంగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రభుత్వం తరఫున వెళ్ళి కాలిఫోర్నియాలో బఠానీలు కోసే కూలీల క్యాంపులో ఒక తల్లిని తీసింది. మీరంతా చూసే ఉంటారు, చెంప మీద చెయ్యి, అటూ ఇటూ ముఖాలు దాచుకున్న పిల్లలు. పది నిమిషాల పని. పేరు కూడా అడగలేదని లాంగే తర్వాత రాసుకుంది. ప్రపంచమంతా చూసిన ఆ ముఖం పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని బయటపడింది 1978లో, అంటే 42 ఏళ్ళకి. అప్పటికీ ఆవిడకి ఆ ఫోటో మీద కోపమే, తనకి దానివల్ల ఒరిగిందేమీ లేదని. ఆకలితో ఉన్న మనిషి ముందు ప్రభుత్వం పంపిన మనిషి కెమెరాతో నిలబడితే ఏమని వద్దంటుంది చెప్పండి? మా ఇంట్లో అమ్మ "సరేలే" అన్నట్టే అది కూడా.

దీనికి ఎదురు ఉదాహరణ నికొలస్ నిక్సన్ అనే ఫోటోగ్రాఫర్. 1975లో భార్యనీ ఆవిడ ముగ్గురు అక్కచెల్లెళ్ళనీ వరసగా నిలబెట్టి తీశాడు, తర్వాత ప్రతి ఏడూ ఒకటి, అదే వరస, దశాబ్దాల పాటు. నలుగురూ పెద్దవాళ్ళు. రానంటే రాకపోవచ్చు. అయినా ప్రతి ఏడూ వచ్చి నిలబడ్డారు. ఆ ఫోటోల్లో వయసు పెరగడం అందరికీ కనిపిస్తుంది, నాకు మాత్రం మళ్ళీ వచ్చారు అన్నదే కనిపిస్తుంది.

సరే, నా ఫోటో. ఇక్కడ స్లైడ్ ఖాళీగా ఉంది, ప్రొజెక్టర్ పాడవలేదు.

నాన్నకి ఆపరేషన్ అయిన నెలకి ఇంటికి వెళ్ళా. ఎప్పుడూ ఐదున్నరకే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి. ఆరోజు స్టూలు మీద కూర్చుని గీసుకుంటున్నారు, చెయ్యి వణుకుతోంది, అమ్మ ఎదురుగా అద్దం పట్టుకుని నిలబడింది. ఆయన చెయ్యి ఎటు వణికితే అమ్మ అద్దాన్ని అటు కొంచెం కదుపుతోంది, ఇద్దరూ మాట్లాడుకోవట్లేదు. చెవి కింద నురగ ఒక చుక్క మిగిలిపోయింది. నేను గుమ్మంలోంచి మూడు తీశా. అడగలేదు. మా నాన్నే కదా అనుకున్నా.

చెప్తున్నా కదా, నేను తీసిన వాటిల్లో అంత మంచిది లేదు. సాయంత్రం చూపించా. చాలాసేపు చూశారు, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూశారు. "బాగా తీశావమ్మా" అన్నారు, నేను పొంగిపోయేలోపే, "ఎవరికీ చూపించకు" అన్నారు. ఎందుకు నాన్నా అంటే, "అద్దంలో నేను చూసుకోలేదు అది" అన్నారు. అంతే, ఇక మాట్లాడలేదు. ఆరోజు నాకు కోపం వచ్చింది, అది కూడా చెప్పాలి, ఆయన మీద కాదు, అంత మంచి ఫోటో పోతోందని. రిచర్డ్ ఆవెడాన్ అనే పేరున్న ఫోటోగ్రాఫర్ కేన్సర్‌తో పోతున్న తండ్రిని 1973లో ఆయన పోయేదాకా వరసగా తీశాడు, 1974లో న్యూయార్క్ మ్యూజియంలో గోడ మీద పెట్టాడు, నేనెందుకు పెట్టకూడదు అని నాలో నేనే వాదించుకున్నా చాలా రోజులు.

పోయిన వారం ఈ టాక్ గురించి చెప్పి ఫోన్‌లో మళ్ళీ అడిగా. "వద్దమ్మా" అన్నారు వెంటనే. నాకు ఎందుకో తేలిగ్గా అనిపించింది, ఎందుకంటే మొదటిసారి ఆయన నాకు సరిగ్గా వద్దన్నారు, సరేలే అనలేదు. తర్వాత ఆయనే, "మొన్న చొక్కా వేసుకున్నాక వరండాలో తీశావు చూడు, అది చూపించు" అన్నారు.

ఇదిగో అది. ఎదురెండలో తీశా, కళ్ళు చికిలించారు, వెనకాల బకెట్ కూడా పడింది. కాలర్ మాత్రం చూడండి, ఎంత నీటుగా ఉందో.